వసారా లెక్కలోకి రాదు

మే 9

అమ్మలూ,

నువ్వు కంగారు పడతావని ముందే చెబుతున్నాను, ప్రాణానికి ఏమీ కాలేదు. తుంటి ఎముక విరిగింది. అలమార పైఅరలోంచి చర్చి సంఘం హాజరు పుస్తకం తీయబోయి స్టూలు మీద నుంచి పడ్డాను. మంగళవారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు. స్టూలు తప్పు లేదు, దాని కాళ్లు నాలుగూ సమానంగానే ఉన్నాయి. తొందర నాది.

డాక్టరు నా కాలికి తాడు కట్టి, తాడు చివర ఇసుక సంచి వేలాడదీశాడు. ఎనిమిది వారాలు ఇలాగే పడుకోవాలట. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. కిటికీలోంచి కనిపించేది ఎదుటి మేడ గోడ, దాని మీద రెండు నీళ్ల గొట్టాలు. ఎడమదానికి ఏడు చోట్ల తుప్పు పట్టింది. ఫోను చేయకు, నా చెవికి అందదని నీకు తెలుసు. ఉత్తరం రాయి, ఎప్పటిలాగే నాలుగు రోజుల్లో అందుతుంది.

రోగులను పరామర్శించడానికి మన స్త్రీల సమాజంలో వంతుల పట్టీ ఉంది కదా, పదిహేనేళ్ల కిందట నేనే వేశాను. ఇప్పుడు ఆ పట్టీ ప్రకారం నా దగ్గరికే వస్తున్నారు. వచ్చినవాళ్లు గడియారం కనిపించే కుర్చీలో కూర్చుంటున్నారు. నిన్న వచ్చినావిడ తొమ్మిది నిమిషాలుండి, ప్రార్థన చేసి, "టీచరు గారూ, నా పేరు ఎదురుగా టిక్కు పెట్టేసుకోండి" అని వెళ్లింది. పెట్టాను.

పట్టీలో లేని మనిషి మాత్రం రోజూ రెండుసార్లు వస్తోంది. కింది అంతస్తులో కుట్టుమిషను పెట్టుకున్న టైలరమ్మ. నీకు గుర్తుండకపోవచ్చు. వరసగా మూడు నెలలు ఆరాధనకు రాలేదని కిందటేడు సంఘంలో ఆమె పేరు చదివించాం. పెద్దల ముందుకు వచ్చి సంజాయిషీ చెప్పుకునేదాకా ప్రభువు బల్ల దగ్గరికి వచ్చి రొట్టె, పాత్ర అందుకోకూడదన్నాం. ఆమె రాలేదు, చెప్పుకోలేదు. అలాంటి మనిషి చేత ఒళ్లు తుడిపించుకోవలసి వస్తోంది. వద్దని చెప్పే ఓపిక లేదు, చెప్పినా ఆమె వినడం లేదు.

నీ పని ఎలా ఉంది? ఆదివారం ఆరాధన మానడం లేదు కదా?

ప్రార్థనలతో,
అమ్మమ్మ


మే 16

అమ్మమ్మకు వందనాలు.

నీ ఉత్తరం చదివి సెలవు అడిగాను. ఇవ్వలేదు. ఆసుపత్రిలో ఒక గొడవ జరుగుతోంది, మందుల గదిలో పనిచేసేవాళ్లెవరూ ఆవరణ దాటకూడదన్నారు. కాబట్టి నేనూ నీలాగే ఉన్నాను. నా హాస్టలు గదిలో మంచం, బల్ల, పైకి తెరుచుకునే చిన్న కిటికీ. నిలబడితే గేటు దగ్గరి బెంచీ కనిపిస్తుంది.

గొడవేమిటంటే, ఇరవై ఆరో మంచం మీది రోగిని, ఇరవై ఎనిమిదో మంచం మీది రోగిని ఒకరి చోటికి ఒకరిని మార్చారు. మారిస్తే వార్డు నుంచి మందుల గదికి చీటీ రావాలి. మందులు మంచం నంబరు చూసే కడతాం కాబట్టి చీటీయే మాకు కళ్లు. ఆ చీటీలు మోసేది ఒక పెద్దావిడ, అందరం చీటీల పెద్దమ్మ అంటాం. ఆమెకు చదువు రాదు. చీటీ ఇచ్చానని ఆమె అంటోంది. మందుల గదిలో అమ్మాయి అందలేదంటోంది. పాత నంబరు మీదే మందులు వెళ్లాయి. చక్కెర జబ్బు లేని ముసలాయన ఆ జబ్బు మాత్రలు వేసుకుని రెండు రోజులు స్పృహ లేకుండా ఉన్నాడు. ఇప్పుడు లేచాడు గానీ కుడిచెయ్యి వణుకుతోంది. ఆయన గడియారాలు బాగుచేసే మనిషి, అమ్మమ్మా.

పెద్దమ్మను ఎనిమిదో తారీఖునే పనిలోంచి ఆపేశారు. విచారణ ఇంకా జరగలేదు. రోజూ వచ్చి గేటు దగ్గర బెంచీ మీద కూర్చుంటోంది.

చీటీ అందిందేమోనని నా అనుమానం. ఆ అమ్మాయి భయపడి అలా చెప్పిందేమో. అలా చెప్పినవాళ్లు ఏం చేయాలంటావు?

నీ మనవరాలు


మే 16
(పోస్టు చేయలేదు)

అమ్మమ్మా,

ఇందాకటి ఉత్తరం అంటించేశాను. ఇది వేరే.

ఆ అమ్మాయిని నేనే. చీటీ నా చేతికే ఇచ్చింది. నేను మాత్రలు లెక్కపెడుతూ, లెక్క తప్పుతుందని, చూడకుండా కోటు జేబులో పెట్టుకున్నాను. సూపరింటెండెంటు గారు అడిగినప్పుడు నిజంగానే గుర్తు లేదు, "నాకు అందలేదు" అన్నాను. ఆ సాయంత్రం కోటు ఉతకబోతే జేబులో దొరికింది. అప్పుడే వెళ్లి చెప్పాల్సింది. తలుపుదాకా వెళ్లాను. అక్కడ నాకు గుర్తొచ్చింది ఆయన ముఖం కాదు, నీ ముఖం.

మర్నాడు మళ్లీ అడిగారు. ఈసారి తెలిసే చెప్పాను, అందలేదని. పెద్దమ్మ నా ఎదురుగానే నిలబడి ఉంది. "ఇచ్చాను" అంది, అంతే. రెండోసారి అనలేదు.


మే 22

అమ్మలూ,

ఉత్తరం అందింది. చేతిరాత వాలిపోతోంది, బల్ల మీద పెట్టి రాయి.

నీ ప్రశ్నకు జవాబు నాకు రెండు నిమిషాలు కూడా పట్టలేదు. పొరపాటు ఎవరైనా చేస్తారు. దాన్ని చదువురాని మనిషి నెత్తిన వేసి, ఆమె కళ్లెదుటే తిరిగే అమ్మాయికి వెన్నెముక లేదు. అలాంటి మనిషి ఆదివారం వచ్చి పక్కన కూర్చుని పాట పాడుతుందంటే నాకు ఒళ్లు మండుతుంది. అందరి ముందు నిలబడి ఒప్పుకునేదాకా ఆమెను బల్ల ఛాయలకు కూడా రానివ్వకూడదు. నువ్వు ఆమెతో కలిసి భోజనానికి కూర్చోవద్దు.

సంగతి మంచి పాఠంగా ఉందని నీ ఉత్తరంలోని ఆ భాగాన్ని గురువారం స్త్రీల కూడికలో చదివించాను. చదివిన ఆవిడ వచ్చి చెప్పింది, అందరూ నోరు నొక్కుకున్నారట. "ఎవరి కన్నబిడ్డో గానీ, టీచరు గారి చేతిలో పెరిగుంటే ఇలా చేసేది కాదు" అన్నారట.

ఇక్కడ విశేషాలు లేవు. టైలరమ్మ నా జుట్టు దువ్వింది. నాకన్నా గట్టిగా దువ్వుతుంది. "మీకు కోపమొస్తే మెడ బిగిస్తారు టీచరు గారూ, చిక్కు రాదు" అంటుంది. బల్లకు దూరమైన మనిషి నాకు మెడ గురించి పాఠం చెబుతోంది.

ప్రార్థనలతో,
అమ్మమ్మ


మే 29

అమ్మమ్మకు,

నా ఉత్తరం చదివించకుండా ఉండాల్సింది.

విచారణ జూన్ పద్దెనిమిదిన. ఆ రోజు పెద్దమ్మను పూర్తిగా తీసేస్తారని అందరూ అనుకుంటున్నారు. ఇంకో రెండేళ్లు చేస్తే ఆమెకు పింఛను వచ్చేది. గడియారాల తాతకు నిన్న స్క్రూడ్రైవరు ఇచ్చి చూశారు. మూడుసార్లు జారిపోయింది. నవ్వి, "చేతికి వయసొచ్చింది" అన్నాడు. ఆయనకు ఇంకా ఎవరూ ఏమీ చెప్పలేదు.

నేను భోజనశాలకు వెళ్లాలంటే ఆ బెంచీ ముందు నుంచే వెళ్లాలి. వేరే దారి లేదు.

ఆ అమ్మాయికి తల్లీతండ్రీ లేరు. పెంచిన పెద్దావిడ ఒకరే ఉన్నారు. ఉద్యోగం పోతుందని కాదట భయం. ఆవిడకు తెలిస్తే ఎలా అని.

నీ మనవరాలు


జూన్ 3

అమ్మలూ,

ఇక్కడొక సంగతి జరిగింది. వరసలో చెబుతాను.

ఆదివారం సాయంత్రం నాలుగింటికి టైలరమ్మ నాకు దుప్పటి మారుస్తోంది. ఆమె భుజం మీద పాలు కక్కిన మరక ఉంది. ఇంట్లో పసిపిల్లలు లేరు కదా అని అడిగాను. "ఇది గుడిలోది" అంది. ఏ గుడి అన్నాను. మనదేనట.

ఆమె ప్రతి ఆదివారం వస్తోందట. మూడేళ్లుగా ఒక్క వారం మానలేదట. కిందటేడు మొదలు లోపలికి మాత్రం రాదు. వెనక వసారాలో చాప పరిచి, చిన్నపిల్లలను కూర్చోబెట్టుకుని ఆడిస్తుంది, తల్లులు లోపల స్థిమితంగా వాక్యం వింటారని. మన వంతుల పట్టీలో వాళ్ల పిల్లలు, మనవలే. ఆ వసారా నా లెక్కలో లేదు, అమ్మలూ. నేను మొదటి బెంచీలో కూర్చుంటాను. రెండో పాట మొదలైనప్పుడు లేచి తలలు లెక్కపెడతాను. బెంచీల్లో ఉన్న తలలు.

"నీ పేరు చదివిన రోజు నువ్వు అక్కడే ఉన్నావా?" అన్నాను.

"ఉన్నానండి."

"మరి లేచి చెప్పలేదేం?"

"ఒక పిల్ల అప్పుడే భుజం మీద నిద్రపోయింది. నేను లేస్తే పిల్ల మేలుకుంటుంది."

"తరవాతైనా చెప్పొచ్చుగా? ఆ తల్లులైనా చెప్పొచ్చుగా?"

"వాళ్లు చెబుతామనే అన్నారు. నేనే వద్దన్నాను. మీ లెక్క తప్పని అందరిలో అంటే మీకు ఆ రాత్రి నిద్ర పట్టేదా? కాస్త నడుం ఎత్తండి, దుప్పటి కింద మడత పడింది."

ఎత్తడమంటే ఏమిటో నీకు తెలియదు. రెండు చేతులూ ఆమె మెడ చుట్టూ వేసి వేలాడాలి. ఆ స్థితిలో ఉండి ఆమె ముఖం చూడకుండా ఉండలేకపోయాను. పారిపోవడానికి కాలు లేదు, వినబడలేదని అనడానికి ఆమె నోరు నా చెవి దగ్గరే ఉంది. క్షమించమన్నాను. "సరేనండి" అంది, దుప్పటి అంచు లోపలికి దోపుతూ. ఆమె మీది ఆంక్ష ఎత్తేయమని పాస్టరు గారికి ఉత్తరం పంపాను.

అయితే ఆ మందుల గది అమ్మాయి విషయం ఇలాంటిది కాదు. టైలరమ్మ నిర్దోషి. ఆ అమ్మాయిది తెలిసి చేసిన నేరం. రెండూ కలపకూడదు. ఆ పెంచినావిడను చూస్తే నాలుగు మాటలు అడగాలని ఉంది, పిల్లకు భయం నేర్పావు గానీ నిజం నేర్పలేదేమమ్మా అని.

అమ్మమ్మ


జూన్ 7

అమ్మమ్మా,

అడుగు. ఆ పెంచినావిడ నువ్వే.

దీనితో పాటు మే పదహారున రాసి దాచుకున్న కాగితం పెడుతున్నాను. ముందు అది చదువు.

చదివావా? ఇప్పుడు ఇంకొక్క మాట. చిన్నప్పుడు నేను గాజుగ్లాసు పగలగొడితే నువ్వు కొట్టలేదు. అరవలేదు కూడా. తారీఖు వేసి నీ పుస్తకంలో రాశావు. నాకు ఏడేళ్లు. కొట్టి ఉంటే బాగుండేదని ఎన్నిసార్లు అనుకున్నానో, దెబ్బ ఆ పూటతో అయిపోతుంది. ఆ పుస్తకం మాత్రం అలమారలోనే ఉండేది. మూసిన తలుపు ముందు నుంచి వెళ్తున్నా లోపల నా తారీఖు ఉందని నాకు తెలుసు.

తప్పు నీదని అనడం లేదు. చీటీ జేబులో పెట్టింది నేను, రెండోసారి అబద్ధం చెప్పింది నేను. నువ్వు చెప్పినట్టే ఇక్కడ ఆవరణలోని గుడిలో బల్ల దగ్గరికి వెళ్లడం మానేశాను. ఎవరితోనూ కలిసి భోజనం చేయడం లేదు.

పద్దెనిమిదికి పదకొండు రోజులుంది. నేను చెప్పగలనో లేదో నాకు తెలియడం లేదు. నువ్వు జవాబు రాయకపోయినా అర్థం చేసుకుంటాను.

నీ మనవరాలు అని రాయడానికి చెయ్యి రావడం లేదు


జూన్ 13

అమ్మలూ, నా అమ్మలూ,

నీ ఉత్తరం పదకొండున వచ్చింది. రెండు రోజుల్లో నాలుగు జవాబులు రాసి నాలుగూ చింపాను. మొదటి దాంట్లో నిన్ను తిట్టాను. రెండో దాంట్లో నిన్ను వెనకేసుకొచ్చి, సూపరింటెండెంటును తిట్టాను. మూడోది సూపరింటెండెంటుకే రాశాను. నేను బడి పెద్ద పంతులమ్మగా పనిచేసినదాన్ననీ, నా మనవరాలు అలాంటిది కాదనీ. నాలుగోది రాస్తుంటే టైలరమ్మ చూసి, "అన్నిసార్లు విప్పి కుడితే గుడ్డ చిరుగుతుందండి" అంది. కాబట్టి ఇది ఐదోది. ఎలా వస్తే అలా పంపుతాను.

టైలరమ్మను క్షమాపణ అడగడం నాకు తేలికే అయింది, ఇప్పుడు తెలుస్తోంది. ఆమె ఏ తప్పూ చేయలేదు. లెక్క సరిచేశానంతే. నిన్ను మాత్రం ఏ లెక్కతోనూ సరిచేయలేను. నువ్వు తప్పు చేశావు. ఒకావిడ కూడు తీశావు. అది తగ్గించి చెప్పను, చెబితే నువ్వు నమ్మవు కూడా. ఆ తప్పుతో సహా నువ్వు నా పిల్లవి. ముందు ఒప్పుకో, తరవాత నా పిల్లవవుతావని కాదు. ఈ ముక్క నీకు ఏడేళ్లప్పుడు చెప్పాల్సింది. చెప్పలేదు, తారీఖు వేశాను.

ముప్ఫై ఒక్క సంవత్సరాల పుస్తకాలు టైలరమ్మ చేత దింపించి చూశాను. అందరి పేర్ల ఎదురుగా ఏదో ఒకటి ఉంది. నా పేరు ఎదురుగా ఒక్క తప్పూ లేదు. రాసింది నేనే మరి. నీ ఉత్తరాన్ని పదిమందిలో చదివించడం తప్పని ఇప్పుడు రాద్దామంటే, ఏ గడిలో రాయాలో దొరకలేదు.

ఇక విను. పద్దెనిమిదిన వెళ్లి నిజం చెప్పు. నాకు పరువని కాదు, నిన్ను శిక్షించాలని కాదు. ఆ బెంచీ మీద ఆవిడ కూర్చుని ఉంది కాబట్టి. తలుపు దగ్గర నా ముఖం గుర్తొస్తే, ఇప్పుడు ఎలా ఉందో చెబుతాను, అదే గుర్తు తెచ్చుకో. జుట్టు చెరిగి ఉంది. కళ్లద్దాలు దిండు కింద పడి ఒక కాడ విరిగింది. రెండు రోజులుగా ఏడుస్తున్నాను, ముక్కు తుడుచుకోవడానికి పక్కకు తిరిగే వీలు లేదు, కాలికి సంచి ఉంది. ఈ ముఖానికి భయపడేవాళ్లెవరూ ఉండరు.

ఉద్యోగం పోతే ఇక్కడికి రా. చెప్పలేకపోతే, అప్పుడు కూడా ఇక్కడికే రా. ఇద్దరం ఆలోచిద్దాం. వెళ్లి అందరితో కూర్చుని భోజనం చెయ్యి. నేను పెట్టిన ఆ ఆంక్ష తప్పు.

టైలరమ్మ ఈ ఉత్తరం పట్టుకుని పెద్ద పోస్టాఫీసుకే వెళ్తోంది. నాలుగు రోజులంటే పదిహేడుకు నీ చేతిలో ఉండాలి. ఉండాలి.

అమ్మమ్మ


జూన్ 19

అమ్మమ్మా,

పదిహేడు సాయంత్రం అందింది. చదివి, ముందు భోజనశాలకు వెళ్లాను.

నిన్న విచారణ. ముగ్గురు కూర్చున్నారు. పెద్దమ్మ ఒక కుర్చీలో, నేనొక కుర్చీలో. వాళ్లు మొదలుపెట్టకముందే చీటీ తీసి బల్ల మీద పెట్టాను. ఉతికే నీళ్లలో సగం చెరిగింది గానీ ఇరవై ఆరు, ఇరవై ఎనిమిది అనేవి కనిపిస్తున్నాయి. "ఆవిడ ఇచ్చింది. నేను చూడలేదు. తరవాత చూశాను, చెప్పలేదు" అన్నాను. ఇంకా చాలా చెప్పాలని రాసుకున్నాను. ఆ కాగితం విప్పలేదు.

పెద్దమ్మకు పని తిరిగి ఇచ్చారు, ఆపిన రోజుల జీతంతో సహా. నన్ను మందుల గదిలోంచి తీసేశారు. పెద్ద కమిటీ తేల్చేదాకా ఆవరణలోనే ఉండాలి. నెల పడుతుందో, రెండు నెలలో. కాబట్టి రాలేను.

గడియారాల తాత దగ్గరికి కూడా వెళ్లి చెప్పాను. చాలాసేపు గోడవైపు తిరిగి పడుకున్నాడు. తరవాత, "రేపు వచ్చి నాకు పేపరు చదివిపెట్టు, చేతిలో నిలవడం లేదు" అన్నాడు. ఇవాళ వెళ్లి చదివాను. నాతో ఏమీ మాట్లాడలేదు.

పెద్దమ్మను బయట ఆపి క్షమించమన్నాను. ఆమె అంది, "నలభై ఒక్క రోజులు. రోజూ నా ముందు నుంచే పోయావు. ఒకరోజు నీకు చెప్పు తెగితే నా పక్కనే కూర్చుని పిన్నీసు పెట్టుకున్నావు. అప్పుడైనా అంటావనుకున్నాను." పక్కకు జరిగి దారిచ్చి, "ఇప్పుడు నాకు కోపంగా ఉంది, పో" అంది.

నువ్వు నాకు తిరిగి దొరికావు. ఆమె ఇంకా దొరకలేదు. మళ్లీ ఎప్పుడు అడగాలి?

నీ మనవరాలు


జూన్ 24

అమ్మలూ,

మళ్లీ అడగకు. కోపం ఆవిడది, ఎన్నాళ్లుంచుకోవాలో ఆవిడ ఇష్టం. నువ్వు ఎదురుపడితే తల దించుకుని వేరే దారి చూసుకోవద్దు. పలకరించు. జవాబు రాకపోతే రాకపోనీ. తాతకు పేపరు చదవడం మానకు. మాట్లాడించాలని చూడకు.

పాస్టరు గారు ఆదివారం ఆరాధన అయ్యాక రొట్టె, పాత్ర తీసుకుని నా గదికి వచ్చారు, మంచం పట్టినవాళ్లకు ఇంటికే తెస్తారు కదా. టైలరమ్మ దిండు సర్ది బయటికి వెళ్లబోయింది. ఉండమన్నాను. ఆవిడకు కూడా ఇవ్వండి అన్నాను.

ఆయన ఇబ్బందిపడ్డారు. "మీ ఉత్తరం అందిందండి. పొరపాటేనని నాకూ అర్థమైంది. కానీ పేరు అందరిలో చదివాం. పెద్దలు కూర్చుని ఆ ఆంక్ష అందరిలోనే ఎత్తేయాలి. వచ్చే నెల కూర్చుంటారు. ఆ నియమం రాసింది మీరే కదా, టీచరు గారూ" అన్నారు.

నేనే. ఏడో నియమం, మూడో వాక్యం. ఎంత గట్టిగా రాశానంటే నాకే సందు దొరకలేదు.

"అయితే నాకూ వద్దండి" అన్నాను. "ఆవిడకు ఇచ్చిన రోజే నాకూ ఇవ్వండి."

"మీ మీద ఏమీ లేదు కదండి" అన్నారు.

"ఉంది. ఎవరూ రాయలేదు" అన్నాను.

ఆయన పాత్ర మీద గుడ్డ కప్పి, మెట్లు దిగి వెళ్లిపోయారు. నీకు తెలుసుగా, పెళ్లైన దగ్గర్నుంచి నేను బల్లకు ఒక్కసారి కూడా దూరం కాలేదు. ఆ అడుగుల చప్పుడు కింద వీధిదాకా నాకు వినబడినట్టే అనిపించింది, నా చెవికి అది వినబడదని తెలిసినా. ఏడుపొచ్చింది. టైలరమ్మ గొణిగింది, "ఇప్పుడెందుకండి ఈ పట్టుదల. మీకు అలవాటు లేదు, కష్టమనిపిస్తుంది."

"నీకు ఎలా ఉండేది?" అన్నాను.

ఆమె కుర్చీ లాక్కుని, గడియారానికి వీపు పెట్టి, నా మంచం పక్కన కూర్చుంది.

నువ్వు అక్కడ, మేమిద్దరం ఇక్కడ. ఎప్పటికి లోపలికి పిలుస్తారో తెలియదు. అందాకా ఉత్తరాలు రాయి.

అమ్మమ్మ